ఏ పనికి ఏ సాఫ్ట్‌వేర్? పాఠం వడ్ల కాంటా దగ్గర మొదలుపెడదాం

మిర్యాలగూడ చుట్టుపక్కల రైస్ మిల్లుల గేట్ల మీద, బస్టాండు గోడల మీద ఒక కాగితం తరచూ కనిపిస్తుంది. "కంప్యూటర్ ఆపరేటర్ కావలెను. టాలీ, ఎక్సెల్, తెలుగు టైపింగ్ వచ్చి ఉండాలి." కింద ఫోన్ నంబరు. టాలీ అంటే వ్యాపారం జమాఖర్చులు రాసే సాఫ్ట్‌వేర్. అదే ఊళ్లో డిగ్రీ చదివే పిల్లలకు పరీక్షలో వచ్చే ప్రశ్న వేరు: "అప్లికేషన్ సాఫ్ట్‌వేర్ అనగానేమి? దాని రకాలను ఉదాహరణలతో వివరింపుము." ఈ ప్రశ్నకు మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లను ఆ గోడ కాగితం ముందు నిలబెట్టి, "టాలీ ఉండగా మిల్లువాళ్లకు ఎక్సెల్ ఎందుకు?" అని అడగండి. చాలామంది నోరు మెదపరు. తప్పు వాళ్లది కాదు, మనం పాఠం చెప్పే తీరుది.

బోర్డు మీద ఒక చెట్టు బొమ్మ గీస్తాం. పైన సాఫ్ట్‌వేర్, కింద రెండు కొమ్మలు. అప్లికేషన్ అనే కొమ్మ కింద వర్డ్ ప్రాసెసింగ్, స్ప్రెడ్‌షీట్, డేటాబేస్, ప్రెజెంటేషన్, గ్రాఫిక్స్, అకౌంటింగ్, ఒక్కోదానికి రెండేసి పేర్లు. పిల్లలు నోట్సులో దింపుకుంటారు. తరవాత ల్యాబ్‌లో వర్డ్ తెరిచి లీవ్ లెటర్, ఎక్సెల్ తెరిచి మార్కుల పట్టిక, పవర్‌పాయింట్ తెరిచి "మా కళాశాల". ప్రతి సాఫ్ట్‌వేర్‌కూ దానికి అచ్చంగా సరిపోయే పనే ఇస్తాం కాబట్టి ఏదీ ఎక్కడా మొరాయించదు. ఏదీ మొరాయించకపోతే ఇన్ని రకాలు ఎందుకు పుట్టాయో పిల్లలకు తెలిసే దారి లేదు.

నేను అనేది ఇది: ఒకే పనిని, ఒకే కాగితాన్ని, వరసగా మూడు నాలుగు రకాల సాఫ్ట్‌వేర్లలో చేయించాలి. సరిపోనిదాంట్లో ముందు చేయించాలి. ఎక్కడ ఆగిపోయిందో పిల్లలు తమ కళ్లతో చూడాలి. రకం పేరు ఆ తరవాతే బోర్డు మీదికి రావాలి.

ఆ కాగితం కోసం నల్లగొండ, సూర్యాపేట, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు వెతుక్కోనక్కరలేదు. వానాకాలం, యాసంగి రెండు పంటలకూ ఊళ్లలో ఐకేపీ, సొసైటీ కొనుగోలు కేంద్రాలు తెరుస్తారు. క్లాసులో చాలామంది ఇళ్లలో తూకం చీటీ ఉంటుంది. రైతు పేరు, ఊరు, ఇంటి నంబరు, సర్వే నంబరు, బస్తాలు, తేమ శాతం, బ్యాంకు ఖాతా నంబరు: ఈ ఏడు కాలమ్‌లతో పన్నెండుమంది రైతుల లిస్టు ఒకటి పంతులే కల్పించి రాసుకోవాలి. నిజమైన ఆధార్ నంబర్లు, ఖాతా నంబర్లు ల్యాబ్ కంప్యూటర్లలోకి రానీయకూడదు, అవి ఎవరి పెన్‌డ్రైవ్‌లో ఎక్కడికి పోతాయో ఎవరి చేతిలోనూ ఉండదు. పన్నెండు వరసలకు మించితే గంటంతా టైపింగుకే సరిపోతుంది. వరి లేని ఊరైతే బత్తాయి తోట లెక్కో, నారాయణపేట చీరల ఆర్డర్ల పుస్తకమో తీసుకోవచ్చు. పేర్లు, నంబర్లు, తూకాలు, డబ్బు, ఈ నాలుగూ ఒకే కాగితం మీద ఉంటే చాలు.

ముందు వర్డ్‌లో

లిస్టును మొదట వర్డ్‌లో టేబుల్ వేయించి కొట్టించండి. చూడ్డానికి చక్కగా వస్తుంది, అచ్చు తీసి కేంద్రం గోడకు అంటించొచ్చు. ఇక్కడ చాలా క్లాసుల్లో ఒక తప్పు మాట చెబుతారు, వర్డ్‌కు కూడికలు రావని. వస్తాయి. బస్తాల కాలమ్ అడుగున ఖాళీ గడిలో కర్సర్ పెట్టి, టేబుల్ లేఅవుట్ ట్యాబ్‌లో ఫార్ములా నొక్కితే "పైవన్నీ కూడు" అనే ఫార్ములాను అదే ముందుకు తెస్తుంది. ఓకే అంటే మొత్తం వచ్చేస్తుంది. "మరి ఎక్సెల్ ఎందుకు సార్?" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ప్రశ్న పుట్టించడానికే వర్డ్‌తో మొదలుపెట్టింది.

ఇప్పుడు ఒక రైతు బస్తాలను 62 నుంచి 68కి మార్చమనండి. అడుగున మొత్తం మారదు. ఆ మొత్తాన్ని సెలెక్ట్ చేసి ఎఫ్9 నొక్కితే తప్ప పాత అంకె అట్లనే ఉంటుంది. కాలమ్ మధ్యలో ఒక గడి ఖాళీ చేసి మళ్లీ కూడించండి. ఖాళీ గడి కింద ఉన్నవాటినే కూడి పైవాటిని వదిలేస్తుంది, అదీ ఏ హెచ్చరికా లేకుండా. కాలమ్ తల మీద "40 కిలోల బస్తాలు" అని రాసి ఉంటే ఆ 40ని కూడా మొత్తంలో కలిపేసే ప్రమాదం ఉంది. వర్డ్ చూసుకునేది అక్షరం కాగితం మీద ఎక్కడ కూర్చోవాలి, పేజీ ఎక్కడ తెగాలి, తల వరస రెండో పేజీలో మళ్లీ రావాలా అన్నవి. గడిలో ఉన్న 62 దానికి ముందు రెండు అక్షరాలు, తరవాతే అంకె. వర్డ్ ప్రాసెసర్ అంటే ఏమిటో ఈ పావుగంటలో తెలిసినంతగా నిర్వచనం రాయించి చెప్పలేం.

తరుగు లెక్క

అదే లిస్టు ఇప్పుడు ఎక్సెల్‌లోకి. లేదా లిబ్రెఆఫీస్ కాల్క్‌లోకి. అది ఉచితం, పాత కంప్యూటర్లలోనూ నడుస్తుంది. పక్కన రెండు గడులు విడిగా పెట్టించండి. ఒకదాంట్లో క్వింటాలు ధర, ఒకదాంట్లో బస్తాకు కిలోలు. 2025–26 సీజనుకు గ్రేడ్-ఎ రకం వడ్లకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. 62 బస్తాలు, బస్తాకు 40 కిలోలు అంటే 24.80 క్వింటాళ్లు, 59,247 రూపాయల 20 పైసలు.

ఫార్ములాను కిందికి లాగగానే మొదటి రైతుకు తప్ప మిగతా అందరికీ సున్నాలు వస్తాయి. ఇది దాదాపు ప్రతి బ్యాచ్‌లో జరిగేదే. కిందికి లాగినప్పుడు ధర గడి చిరునామా కూడా ఒక్కో మెట్టు కిందికి జారి, ఖాళీ గడులను పట్టుకుంటుంది. ఆ చిరునామాలో డాలర్ గుర్తు పెట్టి బిగించాలి; ఎఫ్4 నొక్కితే అదే పెడుతుంది. ముందే చెప్పి తప్పించకండి. సున్నాలు పడనీయండి. డాలర్ గుర్తు ఎందుకో అప్పుడు చెబితే మళ్లీ మరిచిపోరు.

తరవాత అసలు ప్రశ్న వేయాలి. కేంద్రాల దగ్గర సీజను సీజనుకూ తరుగు మీద గొడవే. బస్తాకు ఒక కిలో తరుగు తీస్తే ఈ రైతుకు పోయేది ఎంత? 62 కిలోలు, అంటే 1,481 రూపాయల 18 పైసలు. పన్నెండుమందికి కలిపి ఎంత? రెండు కిలోలు తీస్తే? ఒక్క గడిలో అంకె మారిస్తే పన్నెండు వరసలూ, అడుగున మొత్తమూ ఒక్కసారే కదులుతాయి. వర్డ్‌లో ఎఫ్9 నొక్కితే తప్ప మారనిది ఇక్కడ కళ్లముందు మారుతుంది. "ఇట్లయితే ఎంత, అట్లయితే ఎంత" అని అడిగి చూడగలగడమే స్ప్రెడ్‌షీట్. 1979లో పర్సనల్ కంప్యూటర్ల తొలి స్ప్రెడ్‌షీట్ విసికాల్క్ బయటికి వచ్చిన రోజు నుంచి దాని ప్రాణం అదే. మార్కుల పట్టికతో ఈ సంగతి చూపలేం, వచ్చిన మార్కులను "ఇట్లయితే" అని మార్చి చూసే అవసరం ఎవరికీ రాదు కదా.

ఇంటి నంబరు తేదీ అయిపోయే చోట

ఇంతదాకా ఎక్సెల్ గెలిచింది. దాన్ని ఇక్కడే వదిలేస్తే ఇంకో రకం మూఢనమ్మకం తయారవుతుంది, అన్నింటికీ ఎక్సెలే అని. మన ఆఫీసుల్లో, మిల్లుల్లో, బడుల్లో నడుస్తున్నది ఆ నమ్మకమే. కాబట్టి ఎక్సెల్ ఎక్కడ దెబ్బతీస్తుందో చూపడానికి ఇంకా ఎక్కువ సమయం ఇవ్వాలి.

ఇంటి నంబరు కాలమ్‌లో 4-12 అని కొట్టమనండి. ఎంటర్ నొక్కగానే అది 04-డిసెంబరు అవుతుంది. కంప్యూటర్‌లో ప్రాంతం అమెరికా అని ఉండిపోతే ఏప్రిల్ 12 అవుతుంది. 3-45 కొడితే 1945 మార్చి. సర్వే నంబరు 12/2 కొడితే ఫిబ్రవరి 12. పిల్లలు కంగారుపడి ఫార్మాట్‌ను టెక్స్ట్‌కు మారుస్తారు, అప్పుడు 4-12 తిరిగి రాకపోగా ఐదంకెల సంఖ్య ఒకటి ప్రత్యక్షమవుతుంది. 2025లో కొట్టి ఉంటే అది 45995. ఎక్సెల్ తేదీలను 1900 నుంచి రోజుల లెక్కగా దాచుకుంటుంది, ఆ లెక్క అది. ఇంటి నంబరు ఎంటర్ నొక్కినప్పుడే పోయింది.

మన సర్వే నంబర్లలో ఇంకో ముడి ఉంది. అ, ఆ, ఇ అనే బై నంబర్లను ఇంగ్లిష్‌లో కొట్టేటప్పుడు ఇ స్థానంలో ఇంగ్లిష్ ఐదో అక్షరం వాడతారు. గీత లేకుండా 125, ఆ అక్షరం, 2 అని కలిపి కొడితే ఎక్సెల్ దాన్ని "125 పక్కన రెండు సున్నాలు" అని చదివి 12,500 చేస్తుంది. భూమి రికార్డుల్లో అట్లాంటి నంబరే ఉండదు.

ఖాతా నంబరు కాలమ్ మరీ ప్రమాదం. ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. 11 అంకెలు దాటితే మొత్తం కనిపించకుండా 1.23 తరవాత ఘాతం గుర్తు వస్తుంది. అంకెలు లోపల భద్రంగానే ఉంటాయి, కానీ ఆ స్థితిలో ఫైలును సీఎస్‌వీగా (గడుల మధ్య కామాలు పెట్టి రాసే సాదా ఫైలుగా) సేవ్ చేస్తే తెరమీద కనిపించిన కురచ రూపమే ఫైల్లోకి పోతుంది, అసలు అంకెలు ఇక రావు. 16 అంకెల నంబరైతే అంతదాకా కూడా ఆగదు. ఎక్సెల్ 15 అంకెలే గుర్తుంచుకుంటుంది, పదహారోది సున్నా అవుతుంది. రైతు డబ్బు ఎవరి ఖాతాకు పోవాలన్నది ఆ చివరి అంకె మీద ఉంది.

విరుగుడు చిన్నదే. కొట్టకముందే ఆ కాలమ్‌ను సెలెక్ట్ చేసి టెక్స్ట్ అని పెట్టాలి, లేదా అంకెకు ముందు ఒక సింగిల్ కొటేషన్ గుర్తు (') పెట్టాలి. అయితే ఏ కాలమ్‌కు పెట్టాలి? పిల్లలకు ఒక ప్రశ్న ఇవ్వండి: ఈ అంకెను ఎప్పుడైనా కూడతామా? ఇద్దరు రైతుల ఫోన్ నంబర్లు ఎవరూ కూడరు. కూడని అంకె పేరు లాంటిదే, టెక్స్ట్‌గా ఉండాలి. బస్తాలు కూడతాం, అవి అంకెగానే ఉండాలి. అతి జాగ్రత్తతో బస్తాల కాలమ్‌ను కూడా టెక్స్ట్ చేస్తే మొత్తం సున్నా వస్తుంది, గడి మూలన చిన్న పచ్చ త్రికోణం కనిపిస్తుంది. అది కూడా ఒకసారి చేయించి చూపాలి.

తేమ కాలమ్‌లో ఇంకో పాఠం ఉంది. 17 శాతం దాటకూడదన్నది నిబంధన. 16, 17, 18 అని ముగ్గురివి వచ్చాయి, సగటు 17. నాలుగో రైతుది కొలవలేదు. అక్కడ ఖాళీ వదిలితే సగటు 17గానే ఉంటుంది. "కొలవలేదు కదా" అని సున్నా వేస్తే 12.75కు పడిపోతుంది, తడి కుప్ప కాస్తా కాగితం మీద ఎండిపోతుంది. కొలవకపోవడం, సున్నా రావడం ఒకటి కావని ఏ నిర్వచనం చెబుతుంది?

చివరగా, పేర్ల కాలమ్ ఒక్కదాన్నే సెలెక్ట్ చేసి అక్షర క్రమంలో పెట్టమనండి. ఎక్సెల్ ఒక హెచ్చరిక పెట్టె చూపిస్తుంది, పక్క కాలమ్‌లను కూడా కలుపుకోవాలా అని. "వద్దు, ఇదే చాలు" అన్నది నొక్కించండి. పేర్లు మారిపోతాయి, బస్తాలూ ఖాతాలూ ఉన్నచోటే ఉంటాయి. ఒకరి వడ్లు ఇంకొకరి పేరు మీదికి పోయాయి. వెంటనే వెనక్కి తీసుకుంటే సరే. సేవ్ చేసి మూసేస్తే ఏ వరస సంఖ్యలూ దాన్ని కాపాడలేవు, ఎందుకంటే ఆ సంఖ్యలు కూడా పేర్లతో పాటు కదల్లేదు.

ముగ్గురు నర్సింహలు

డేటాబేస్ దగ్గర మన పాఠాలు పూర్తిగా చతికిలబడతాయి. "సంబంధిత సమాచార సముదాయం" అని రాయించి ముందుకు పోతాం. ఎక్సెల్ కూడా సమాచార సముదాయమే కదా అని పిల్లవాడు అనుకుంటే తప్పేముంది?

యాదగిరిగుట్ట చుట్టూ ఏ ఊళ్లోనైనా నర్సింహలు నలుగురు దొరుకుతారు. అదే లిస్టును సీజను మొత్తానికి పెంచండి. ఒకే రైతు మూడుసార్లు వడ్లు తెచ్చాడు. కాంటా దగ్గర కూర్చున్నవాళ్లు మారారు. ఒకరు నర్సింహ అని, ఒకరు నరసింహ అని, ఇంకొకరు నర్సిమ్మ అని కొట్టారు. ఇప్పుడు పివట్ టేబుల్ (ఒకే పేరున్న వరసలను కూడగట్టి లెక్క చూపే ఎక్సెల్ పట్టిక) వేసి ఎంతమంది రైతులని అడిగితే ముగ్గురంటుంది. ఇంకో ఊళ్లో దీనికి తలకిందులు: ఇద్దరు వేర్వేరు నర్సింహలు, ఇంటిపేరు కూడా ఒకటే, ఎక్సెల్ ఇద్దరినీ ఒకడిగా కలిపేసింది. పైగా ఒకరి ఫోన్ నంబరు మారితే ఎన్ని వరసల్లో ఆ నంబరు ఉందో అన్నింట్లో మార్చాలి, ఒక్కటి తప్పినా రెండు నంబర్లు నిజమైపోతాయి.

ఇక్కడ కంప్యూటర్ కట్టేసి మూడు తెల్లకాగితాలు తీయండి. ఒకదాని మీద రైతులు, ప్రతి రైతుకూ ఒక నంబరు, పేరూ ఫోనూ ఖాతా ఒక్కసారే. రెండోదాని మీద తూకాలు: తేదీ, బస్తాలు, తేమ, రైతు నంబరు, పేరు ఉండదు. మూడోదాని మీద చెల్లింపులు. ఫోన్ నంబరు మారితే ఎన్నిచోట్ల కొట్టేయాలో చూడమనండి. ఒక్కచోట. ఇది చేత్తో చేశాక లిబ్రెఆఫీస్ బేస్‌లోనో, యాక్సెస్‌లోనో అవే మూడు టేబుళ్లు వేసి వాటి మధ్య సంబంధం కలపాలి; యాక్సెస్‌లో అయితే "ఎన్‌ఫోర్స్ రెఫరెన్షియల్ ఇంటెగ్రిటీ" అన్నచోట టిక్ కూడా పెట్టాలి. తరవాత తూకాల టేబుల్‌లో 99వ నంబరు రైతు పేరు మీద పది బస్తాలు ఎక్కించమనండి. రైతుల టేబుల్‌లో 99 లేడు. డేటాబేస్ ఒప్పుకోదు.

ఆ ఒప్పుకోకపోవడం దగ్గర ఆగాలి. వర్డ్ ఏది రాసినా రాసుకుంది. ఎక్సెల్ ఏది కొట్టినా తీసుకుంది, పైగా తనకు తోచినట్టు మార్చింది. ఇది మొదటిసారిగా "కాదు" అంది. ఎక్సెల్‌లోనూ డేటా వాలిడేషన్ ఉంది కదా అని తెలిసినవాళ్లు అడుగుతారు. ఉంది, కానీ ఇంకోచోట నుంచి కాపీ చేసి అతికిస్తే ఆ కాపలా పక్కకు తప్పుకుంటుంది.

ఇది చిల్లర విషయం అనుకునేవాళ్లకు 2020లో ఇంగ్లండ్‌లో జరిగింది చెప్పాలి. సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 మధ్య 15,841 కోవిడ్ పాజిటివ్ కేసులు రోజువారీ లెక్కలోకి రాకుండా పోయాయి. ప్రయోగశాలల నుంచి వచ్చిన ఫలితాలను పాత ఎక్సెల్ ఫార్మాట్ ఫైళ్లలోకి ఎక్కించారు. అందులో ఒక షీటుకు 65,536 వరసలే పడతాయి, మిగిలినవి రాలిపోయాయి. కొత్త ఫార్మాట్‌లో 10,48,576 వరసలున్నాయి. అది పరిమితిని పెంచింది, అంతే. దేశమంతటి రోగుల చిట్టా స్ప్రెడ్‌షీట్ పని కాదు.

ఒక ఆచరణ కష్టం చెప్పాలి. యాక్సెస్ అన్ని ఆఫీస్ ప్యాకేజీల్లోనూ రాదు. బేస్‌లో మామూలు డేటాబేస్ తెరవాలంటే కంప్యూటర్‌లో జావా ఉండాలి, లేకపోతే మధ్యలో తప్పు చూపి ఆగిపోతుంది. క్లాసు ముందురోజే ఒక్కో కంప్యూటర్‌లో తెరిచి చూసుకోకపోతే ఆ గంట పోయినట్టే.

మిల్లు గేటు లోపల

వడ్ల లారీ మిల్లుకు చేరింది. వే బ్రిడ్జి మీద నిండు లారీ తూకం, దించాక ఖాళీ లారీ తూకం, రెండింటి తేడా అసలు తూకం. అక్కడి కంప్యూటర్‌లో నడిచేది ఈ ఒక్క పనికే రాసిన సాఫ్ట్‌వేర్. కాంటా ఇండికేటర్ నుంచి తీగ ద్వారా అంకె నేరుగా వస్తుంది. ఆపరేటర్ చేత్తో కొట్టకుండా ఉండటమే దాని విలువ. ఎక్సెల్‌లోనూ తీసివేత వస్తుంది, కానీ ఎక్సెల్‌లో తూకం మనిషి కొడతాడు. ప్రత్యేక ప్రయోజన సాఫ్ట్‌వేర్ అన్న మాటకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ మన జిల్లాల్లో లేదు. కొనుగోలు కేంద్రంలో ట్యాబ్‌లో వివరాలు ఎక్కించే ప్రభుత్వ యాప్ ఇంకో రకం, ఒక శాఖ తన పద్ధతికి తగ్గట్టు రాయించుకున్నది, బజార్లో కొనడానికి దొరకదు.

టాలీ సంగతి. ఎఫ్9 నొక్కి కొనుగోలు వోచర్ తెరిచి, డెబిట్, క్రెడిట్ సమానం కాకుండా సేవ్ చేయమనండి. చేయదు. 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ ఉంది. కిరాణా కొట్లలో 26 కిలోల బస్తా కనిపించేది అందుకే. ఈ తేడా సరుకు సరుకుకూ గుర్తుపెట్టుకుని, నెల చివర రిటర్నుకు తగ్గట్టు లెక్క తీయడం అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ పని. ఇంకొకటి, కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఏ ఎంట్రీని ఎప్పుడు మార్చారో చెరపడానికి వీల్లేని చిట్టా ఉండాలని 2023 ఏప్రిల్ 1 నుంచి నిబంధన వచ్చింది. ఎక్సెల్‌లో నిన్నటి వరసను డిలీట్ చేస్తే అది ఉండేదన్న గుర్తు కూడా మిగలదు.

మరి టాలీ ఉండగా ఎక్సెల్ ఎందుకు? మిల్లుకు వచ్చే వడ్లలో చాలా భాగం ప్రభుత్వానివి, మిల్లు కొన్నవి కావు. వంద క్వింటాళ్ల వడ్లకు పచ్చి బియ్యమైతే 67, ఉప్పుడు బియ్యమైతే 68 క్వింటాళ్లు తిరిగి అప్పగించాలి. ఎన్ని లారీలు వచ్చాయి, ఎంత అప్పగించాం, గడువులోగా రోజుకు ఎంత ఆడించాలి అన్నది "ఇట్లయితే ఎంత" రకం లెక్క. అది స్ప్రెడ్‌షీట్‌కు పోతుంది. గోడ కాగితం మీద రెండు పేర్లూ ఉన్నది అందుకే.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోలేను. "ఈ రకాల గొడవ ఎందుకు, టాలీ ఒక్కటి మూడు నెలలు గట్టిగా నేర్పండి, పిల్లవాడికి జీతం వస్తుంది" అంటారు తల్లిదండ్రులు. పాలమూరులో పూట గడవడం ఎంత కష్టమో తెలిసినవాళ్లకు ఆ మాట కొట్టిపారేసేది కాదు. టాలీ నేర్పాల్సిందే. కానీ 2020లో టాలీ ప్రైమ్ వచ్చినప్పుడు మెనూలు మారాయి. క్రెడిట్ నోట్‌కు కంట్రోల్, ఎఫ్8 అని బట్టీ పట్టినవాళ్లకు అది ఆల్ట్, ఎఫ్6 అయింది. క్రెడిట్ నోట్ అంటే అమ్మిన సరుకు తిరిగి వచ్చినప్పుడు రాసేదని తెలిసినవాళ్లు మెనూలో వెతికి పట్టుకున్నారు. కీలు మాత్రమే నేర్చుకున్నవాళ్లు మళ్లీ ఇన్‌స్టిట్యూట్‌కు ఫీజు కట్టారు. ల్యాబ్‌లో లైసెన్సు లేకపోయినా ఎడ్యుకేషనల్ మోడ్‌లో టాలీ నడుస్తుంది, నెలలో 1, 2, 31 తేదీలకే ఎంట్రీలు పడతాయి. పదిహేనో తేదీ ఎందుకు తీసుకోవట్లేదని పిల్లలు గింజుకోకుండా ఈ సంగతి ముందే చెప్పాలి.

తెలుగు టైపింగ్ అనే మూడో మాట

కోర్టు దగ్గర, కలెక్టరేట్ దగ్గర ఉండే డీటీపీ సెంటర్లలో తెలుగు ఇప్పటికీ ఎక్కువగా అను ఫాంట్లలోనే నడుస్తుంది, చాలాచోట్ల పేజ్‌మేకర్ 7లో. 2001 నాటి ఆ సాఫ్ట్‌వేర్‌కు యూనికోడ్ (ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే సంకేతం ఉండే పద్ధతి) తెలియదు. అక్కడ కొట్టిన అర్జీని కాపీ చేసి వాట్సాప్‌లో అతికిస్తే తెలుగుకు బదులు ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు వస్తాయి. పిల్లలతో ఒకే పేరు రెండు రకాలుగా కొట్టించి వెతికించండి. యూనికోడ్‌లో "నర్సింహ" అని వెతికితే అను ఫాంట్‌లో కొట్టిన నర్సింహ దొరకడు. అచ్చు కాగితం మీద ఇద్దరూ ఒకటే. పేజీ అందంగా రావడం ఒక రకం సాఫ్ట్‌వేర్ పని, అక్షరం అక్షరంగా నిలబడటం ఇంకో అవసరం.

ఫ్లెక్సీ కూడా ఇక్కడే చెప్పేయొచ్చు. 6 అడుగుల వెడల్పు ఫ్లెక్సీకి 1,200 చుక్కల వెడల్పున్న ఫొటో ఇస్తే అంగుళానికి 17 చుక్కలు కూడా పడవు, మొహం గళ్లు గళ్లుగా వస్తుంది. కోరల్‌డ్రాలో గీసిన అక్షరం ఎంత పెంచినా అంచు చెదరదు. ఫొటోషాప్, కోరల్ రెండూ గ్రాఫిక్సే అని ఒకే పెట్టెలో వేసి వదిలేస్తే ఈ తేడా కనిపించదు.

పరీక్ష, ల్యాబ్, ఫోన్

పది కంప్యూటర్లకు నలభైమంది పిల్లలుంటే ఇదంతా కుదురుతుందా అన్నది న్యాయమైన ప్రశ్న. తప్పు సాఫ్ట్‌వేర్‌లో ముందు చేయించడం వల్ల సమయం ఎక్కువ పడుతుంది, కాదనను. మౌస్ పట్టడం ఇంకా రాని పిల్లలకు మొదటిరోజే దెబ్బతినే పని ఇస్తే బెదురుతారు. వాళ్లకు మొదటి వారం టైపింగు, ఫైల్ సేవ్ చేయడం, ఏ ఫోల్డర్‌లో పెట్టామో వెతకడం మాత్రమే. ఆ తరవాత నలుగురికి ఒక కంప్యూటర్ చొప్పున, ఒకరు కొట్టాలి, ఒకరు లిస్టు చదవాలి, ఒకరు ఏం మారిందో రాసుకోవాలి, ఒకరు చేత్తో లెక్క వేసి సరిచూడాలి. పని మార్చుకుంటూ పోవాలి. కరెంటు పోయిన రోజు మూడు కాగితాల డేటాబేస్ చేయించొచ్చు.

కంప్యూటర్ లేకపోయినా ఫోన్ ఉంది. ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి ఒక్కో యాప్ తెరవమనండి. కాలిక్యులేటర్, గ్యాలరీ మామూలుగా పనిచేస్తాయి. వాట్సాప్‌లో పాత మెసేజీలు కనిపిస్తాయి, కొత్తది గడియారం గుర్తుతో ఆగిపోతుంది. యూపీఐ యాప్ తెరుచుకున్నా డబ్బు పోదు. ఏ పని ఫోన్‌లోనే జరుగుతుంది, ఏది ఎక్కడో ఉన్న సర్వర్‌లో జరుగుతుంది అన్న తేడా పైసా ఖర్చు లేకుండా తేలిపోతుంది.

రకాల మధ్య గీతలు చెరిగిపోతాయన్నది కూడా దాచకూడదు. బ్రౌజర్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో భాగమా, విడి అప్లికేషనా అన్నదాని మీద 1998లో అమెరికా ప్రభుత్వం మైక్రోసాఫ్ట్ మీద కేసే వేసింది. కోర్టులో అంత వాదన నడిచిన విషయానికి మన బిట్ పేపర్‌లో ఒకటే సరైన జవాబు ఉంటుంది. పిల్లలు ఆ బిట్ రాయాలి, మార్కులు కావాలి కదా. రాయించండి. కానీ అది చిక్కున్న ప్రశ్న అని కూడా చెప్పండి.

పరీక్ష పేపర్ మన చేతిలో లేదు, నిజమే. ఇంటర్నల్స్, ప్రాక్టికల్స్ మన చేతిలోనే ఉన్నాయి. అక్కడ ఇట్లాంటి ప్రశ్న ఒకటి ఇవ్వొచ్చు: "ఒక సొసైటీలో 400 మంది రైతులు ఎరువులు అప్పుకు తీసుకుని, పంట అమ్మాక రెండు మూడు విడతలుగా కడతారు. రికార్డు వర్డ్, ఎక్సెల్, డేటాబేస్ ఈ మూడింటిలో దేంట్లో పెడతారు? మిగతా రెండింట్లో పెడితే మొదట ఏది చెడుతుంది?" ఎంచుకున్నదానికి మూడు మార్కులు, ఏది ఎందుకు చెడుతుందో చెప్పినదానికి ఏడు. ఎక్సెల్ అని రాసి, "ఒకే పేరు ఇద్దరికి ఉంటే అప్పులు కలిసిపోతాయి, కాబట్టి ప్రతి రైతుకు సభ్యత్వ నంబరు కాలమ్ పెట్టి టెక్స్ట్‌గా ఉంచుతాను" అని రాసిన పిల్లకు ఏడులో ఆరు ఇవ్వాలి. డేటాబేస్ అని రాసి కింద నిర్వచనం దింపినవాళ్లకు మూడే.